చంద్రుడి ఫోటో షార్ప్‌గా రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ప్రశ్న: ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్‌ ఐపీస్‌కి ఫోన్ బిగించి చంద్రుడి ఫోటోలు తీస్తున్నాను. కంటితో చూస్తే క్రేటర్ల అంచులు చెక్కినట్టు కనిపిస్తాయి, ఫోటోలో మాత్రం మసక. ఫోన్‌లోనే షార్ప్‌నెస్ పెంచితే బొమ్మంతా గరుకైపోతోంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఏఐ యాప్‌లు వాడొచ్చా?

జవాబు:

నాదీ ఆరంగుళాల డాబ్సోనియనే, అదీ హైదరాబాద్‌లో మా డాబా మీద. సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్తాను, అన్నీ ఉచితంగా దొరికేవే. కానీ ఒక్క ఫోటోని పట్టుకుని దేంట్లో ఎంత కుస్తీ పట్టినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ముందు ఫోటో తీయడం మానేసి వీడియో తీయండి.

కంటికి బాగా కనిపించింది ఫోటోలో మసకబారడానికి కారణం గాలి. మనకీ చంద్రుడికీ మధ్య ఉన్న గాలి పొరలు వేడి తేడాల వల్ల కదులుతూనే ఉంటాయి, దాంతో బొమ్మ సెకనులో ఎన్నోసార్లు సాగుతుంది, వణుకుతుంది. ఐపీస్ దగ్గర ఓపిగ్గా కూర్చుంటే మధ్యమధ్యలో ఒక్క క్షణం అంతా కుదురుకుంటుంది. మన కళ్లు గుర్తుపెట్టుకునేది ఆ క్షణాన్నే. ఫోటో నొక్కినప్పుడు సరిగ్గా అదే క్షణం దొరకాలంటే అదృష్టం ఉండాలి. వీడియోలో వేల ఫ్రేములు ఉంటాయి కాబట్టి మంచివాటిని తర్వాత తీరిగ్గా ఏరుకోవచ్చు. ఈ పద్ధతికి లక్కీ ఇమేజింగ్ అనే పేరు.

ఏరిన ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయడాన్ని స్టాకింగ్ అంటాం. అసలు బలం ఇక్కడే ఉంది. నాయిస్, అంటే బొమ్మలో అడ్డదిడ్డంగా వచ్చే చుక్కల గరుకు, ఫ్రేముల సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గుతుంది: 400 ఫ్రేములు కలిపితే ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. షార్పెనింగ్‌కి ఏది క్రేటరో, ఏది నాయిసో తెలియదు, రెండింటినీ పెంచేస్తుంది. మీ ఫోన్‌లో గరుకు వచ్చింది అందుకే. నాయిస్ ఎంత తగ్గితే షార్ప్‌నెస్ స్లైడర్ అంత ధైర్యంగా జరపొచ్చు.

వీడియోకి ముందు ఫోన్‌లో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి, చంద్రుడి మీద అత్యంత వెలుగున్న చోటు కూడా తెల్లగా పేలిపోకుండా చూడండి. పేలిపోయిన చోట ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తిరిగి తేలేదు. 4కె ఉంటే 4కె పెట్టండి. డాబ్సోనియన్‌కి ట్రాకింగ్, అంటే చంద్రుడి వెంట తనంతట తానే తిరిగే ఏర్పాటు, లేదని దిగులు వద్దు. భూమి తిరగడం వల్ల చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ట్యూబ్‌ని కొంచెం ముందుకు తిప్పి వదిలేసి, చేయి తీసేసి, ఫ్రేములోంచి దాన్నే దాటిపోనివ్వండి.

ఫోన్ ఇచ్చే ఎంపీ4 ఫైల్‌ని పిప్ అనే ప్రోగ్రామ్‌లో తెరిచి ఏవీఐగా మార్చుకోండి. ఆ ఏవీఐని స్టాకింగ్ చేసే ఆటోస్టాకర్ట్ ప్రోగ్రామ్‌లో వేయాలి. క్రేటర్ల క్లోజప్ అయితే అందులో సర్ఫేస్ మోడ్ ఎంచుకోండి. ఒక్కో ఫ్రేముకీ ఎంత బాగుందో ఆ ప్రోగ్రామే మార్కులేసి గ్రాఫ్ చూపిస్తుంది. గాలి ఒక్కో ముక్కని ఒక్కో వైపు లాగుతుంది కాబట్టి బొమ్మంతా అలైన్‌మెంట్ పాయింట్లు పరుచుకుని, ఏ ముక్కకి ఆ ముక్కే సరిచేస్తుంది. ఎన్ని ఫ్రేములు ఉంచుకోవాలన్నది గ్రాఫ్ చూసి తేల్చుకోవాలి. నేను మామూలు రాత్రుల్లో పది నుంచి ఇరవై శాతం దగ్గర ఆగుతాను. ఫలితాన్ని 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయండి, జేపెగ్ వద్దే వద్దు. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి కుదిస్తుంది, షార్ప్ చేయగానే ఆ గళ్ల గీతలు కూడా బయటపడతాయి.

స్టాక్ అయిన బొమ్మ మొదట ఉసూరుమనిపిస్తుంది. ఒక్క ఫ్రేము కంటే మెత్తగా, పొగ పట్టినట్టు ఉంటుంది. కంగారు పడకండి, అది అలాగే ఉండాలి. వివరమంతా అందులోనే ఉంది, కాంట్రాస్ట్ లేక కనబడదంతే.

ఇప్పుడు రెజిస్టాక్స్ 6. పాత ప్రోగ్రామే, అయినా దాని వేవ్‌లెట్ స్లైడర్లు నాకు ఇప్పటికీ ఇష్టం. బొమ్మని ఆరు లేయర్లుగా విడదీస్తుంది. మొదటి లేయర్‌లో అతి సన్నని వివరం ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ ముతకది. అందరూ మొదటి స్లైడర్ మీదే పడతారు. ఫోన్‌తో తీసిన బొమ్మల్లో, పెద్ద మాగ్నిఫికేషన్ వాడినప్పుడు, ఆ లేయర్‌లో ఉండేది ఎక్కువగా నాయిసే. నేను రెండు, మూడు లేయర్లతో మొదలుపెట్టి, మొదటిదాన్ని చివర్లో, దాని డీనాయిస్ కాస్త పెంచాక మాత్రమే ముట్టుకుంటాను. తెర మీద కనిపించేది ఒక ముక్కకి ప్రివ్యూ మాత్రమే, డూ ఆల్ నొక్కితేనే బొమ్మ మొత్తానికి వర్తిస్తుంది. లినక్స్ వాడేవాళ్లకి ఇంప్‌పీజీ ఉంది. అది లూసీ-రిచర్డ్‌సన్ డీకన్వల్యూషన్ చేస్తుంది, అంటే మసక ఎలా పట్టిందో ఊహించి దాన్ని వెనక్కి తిప్పే గణితం. ఆఖరి మెరుగుకి గింప్ అనే ఫోటో ఎడిటర్‌లోని అన్‌షార్ప్ మాస్క్ చాలు. ఇది కంప్యూటర్లు పుట్టించింది కాదు. డార్క్‌రూమ్‌లో నెగటివ్ మీద దాని మసక కాపీని పెట్టి ప్రింట్ తీసేవాళ్లు. 1970ల్లో ఆస్ట్రేలియాలో ఖగోళ ఫోటోగ్రాఫర్ డేవిడ్ మాలిన్ ఆ కిటుకుతోనే గెలాక్సీల ఫోటోల్లో దాగిన వివరాలు రాబట్టాడు.

ఎక్కడ ఆపాలో తెలుసుకోవడమే కష్టం. ప్లేటో క్రేటర్ తీసుకోండి. వెడల్పు 101 కిలోమీటర్లు, నేల నున్నగా, నల్లగా ఉంటుంది. అందులో రెండు మూడు కిలోమీటర్ల చిన్న క్రేటర్లు కొన్ని ఉన్నాయి, మంచి రాత్రి ఆరంగుళాలకి తెల్ల చుక్కల్లా అందుతాయి. స్లైడర్ జరుపుతూ ఆ నేలనే చూడండి. మొదట ఒకటో రెండో చుక్కలు తేలతాయి. ఇంకాస్త జరిపితే నేలంతా బొంబాయి రవ్వ చల్లినట్టు అవుతుంది, ఎటు చూసినా చుక్కలే. ఆ రెండో దశకి వచ్చారంటే వెనక్కి రండి. చంద్రుడి అంచు కూడా పట్టిస్తుంది: అంచు వెంట తెల్లని గీత, దాని పక్కనే ఆకాశం కంటే నల్లని పట్టీ కనిపిస్తే అది షార్పెనింగ్ సృష్టించిన రింగింగ్.

చుక్క నిజమైందేనా అని అనుమానమొస్తే అదే రాత్రి అరగంట తేడాతో రెండు వీడియోలు తీసి విడివిడిగా ప్రాసెస్ చేయండి. రెండింట్లోనూ ఉంటే నమ్మొచ్చు. నాసా ఎల్‌ఆర్‌ఓ ఉపగ్రహం తీసిన చంద్రుడి మ్యాప్ ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంది, దానితో పోల్చుకుంటే ఇంకా మంచిది. మన ఆరంగుళాల, అంటే 150 మిల్లీమీటర్ల అద్దం రెండు దగ్గరి చుక్కలను విడిగా చూపగల హద్దు, డాస్ లెక్క ప్రకారం, 0.77 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), చంద్రుడి మీద దాదాపు ఒకటిన్నర కిలోమీటర్లు. మా ఇంటికొచ్చే చుట్టాలందరూ విక్రమ్ ల్యాండర్ చూపించమంటారు. కొన్ని మీటర్ల వస్తువు, అదీ 69 డిగ్రీల దక్షిణాన అంచుకు దగ్గర్లో. ఏ స్లైడరూ చూపించలేదు.

పౌర్ణమి నాడు తీసి షార్ప్‌గా లేదనుకుంటే తప్పు మీది కాదు, నీడలు లేవు. అష్టమి నుంచి దశమి దాకా తీయండి. సుమారుగా నవమికి ప్లేటో, దశమికి కోపర్నికస్ వెలుగు సరిహద్దు దగ్గరకి వస్తాయి. ఎండాకాలంలో స్లాబ్ పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. సాయంత్రమే నీళ్లు చల్లితే కొంత నయం, మట్టి నేల ఉంటే అంతకంటే నయం. చంద్రుడు పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ మీదుగా కనిపిస్తుంటే ఆ రాత్రి స్టాకింగ్ కూడా కాపాడలేదు.

ఇక ఏఐ యాప్‌లు. నా మటుకు నేను చంద్రుడికి వాడను. చాలా యాప్‌లు మీ వీడియోలో ఉన్నదాన్ని తేల్చి చూపించవు, వేలాది ఫోటోలు చూసి నేర్చుకున్న క్రేటర్ల పోలికలతో ఖాళీలు పూడుస్తాయి. పైన చెప్పిన రెండు వీడియోల పరీక్ష కూడా అక్కడ పనికిరాదు, ఎందుకంటే అదే ఊహ రెండుసార్లూ రావచ్చు. కొన్ని ఫోన్ కెమెరాలు జూమ్‌లో చంద్రుణ్ణి గుర్తుపట్టి ఇదే పని చేస్తాయి, కాబట్టి వీడియో తీసేముందు సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆఫ్ చేయండి. నాయిస్ తగ్గించడానికి మాత్రమే వాడతానంటే నాకు అభ్యంతరం లేదు, కాకపోతే ఫోటో ఎక్కడైనా పెట్టినప్పుడు కింద ఆ మాట రాయండి.