డెర్మటాలజీ తీసుకోవాలా, జనరల్ మెడిసినా? చెన్నైలో చదివి ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుగా నా జవాబు

మీరు నెల్లూరులో ఎంబీబీఎస్ చేశారు. నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చింది. ఆల్ ఇండియా కోటాలో చెన్నై ప్రభుత్వ కళాశాలలో జనరల్ మెడిసిన్ అయినా, డెర్మటాలజీ అయినా అందేలా ఉంది. ఇంట్లోవాళ్లు "డెర్మా తీసుకో, ఆడపిల్లకు మంచిది, రాత్రి డ్యూటీలుండవు, డబ్బుకు కొదవుండదు" అంటున్నారు. సీనియర్లేమో "వీధికో స్కిన్ క్లినిక్ వెలిసింది, ఇక అక్కడ చోటెక్కడిది" అంటున్నారు. ఎవరి మాట వినాలని అడిగారు.

నేను ఈ ఊళ్లోనే ఎండీ డీవీఎల్, అంటే చర్మ, సుఖ, కుష్ఠు వ్యాధుల పీజీ చేసి, పెరంబూరు వైపు ప్రాక్టీసు పెట్టుకున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: తీసుకోండి. మీ ఇంట్లోవాళ్లు చెప్పిన కారణాల కోసం మాత్రం వద్దు. ఇక చోటు లేదన్న మాటను అస్సలు నమ్మకండి. చర్మరోగాన్ని ఓపిగ్గా చూసి మందు రాసే డాక్టరు కోసం సూళ్లూరుపేట, గూడూరు, నాయుడుపేటల నుంచి రైలెక్కి మద్రాసు దాకా వస్తున్నవాళ్లను నేను రోజూ చూస్తున్నాను.

రాత్రి డ్యూటీల సంగతి ముందు తేల్చేద్దాం. ఎండీ అయ్యాక సొంత క్లినిక్‌లో ఆ మాట నిజమే. రాత్రి తొమ్మిదింటికి ఇంటికి వెళ్తాను. పిల్లల చదువులు దగ్గరుండి చూసుకోగలిగాను, అది చిన్న విషయం కాదు. కానీ పీజీ మూడేళ్లూ అలా గడవవు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగానికి సొంత వార్డు ఉంటుంది. అందులో పెమ్ఫిగస్ రోగులుంటారు. చర్మకణాలను ఒకదానికొకటి అతికి ఉంచే ప్రోటీన్ల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థే దాడి చేస్తే నోట్లో, వీపు మీద, తొడల మీద బొబ్బలు లేచి పగిలిపోతాయి. దుప్పటి అంటుకుంటే చర్మం దాంతోపాటే ఊడొస్తుంది, అందుకని వాళ్లను అరిటాకుల మీద పడుకోబెట్టేవాళ్లం. ఆకు పుండుకు అతుక్కోదు, చల్లగా ఉంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది. పొద్దున్నే ఆకులు మార్చి, పుండ్లు కడిగి, డ్రెస్సింగ్ చేయడం మా పనే. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా డెక్సామెథసోన్, సైక్లోఫాస్ఫమైడ్ కలిపి నెలకోసారి పెద్ద మోతాదులో ఎక్కించే పద్ధతి తెచ్చాక ఈ రోగుల బతుకే మారింది. ఇప్పుడు రిటుక్సిమాబ్ వచ్చింది. నడవలేక స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి కొన్ని నెలలకు మామూలు చొక్కా తొడుక్కుని ఓపీకి రావడం మీరూ చూస్తారు.

ఇక మందులు పడక వచ్చేవాళ్లు. ఫిట్స్‌కు వాడే కార్బమాజెపైన్, ఫెనిటాయిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మాత్రలు కొందరికి ప్రాణం మీదకు తెస్తాయి. స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్‌లో కళ్లు, నోరు, చర్మం అన్నీ కాలిపోయినట్టవుతాయి. అలాంటి కేసు వచ్చిన రాత్రి డ్యూటీలో ఉన్న పీజీకి నిద్ర ఉండదు.

ఈ శాఖలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, రోగం కనిపెట్టే పని మొదటి నుంచి చివరి దాకా మన చేతిలోనే ఉండడం. పొట్టు గీరి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, ఫంగస్ పోగుల్ని మైక్రోస్కోపులో మీరే చూస్తారు. బయాప్సీ మీరే తీస్తారు, ఆ స్లైడు పెథాలజిస్టు పక్కన కూర్చుని చదువుతారు. పుస్తకాల్లో ఎక్కువ బొమ్మలు తెల్లతోలు మనుషులవే. మన చామనఛాయ ఒంటి మీద వాళ్ల ఎరుపు మనకు ఊదాగానో గోధుమగానో కనిపిస్తుంది, ఒక్కోసారి అసలే కనిపించదు. ఆ కన్ను అలవడాలంటే వందలమందిని వెలుతురులో నిలబెట్టి చూడటమొకటే దారి. జనరల్ మెడిసిన్ మీద మీకున్న ఇష్టం కూడా ఇక్కడ వృథా పోదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే లూపస్, డెర్మటోమయోసైటిస్ లాంటి జబ్బులు, లోపలి క్యాన్సర్లు కొన్ని ముందు చర్మం మీదే బయటపడతాయి. కానీ ఐసీయూలో మానిటర్ల మధ్యే మీ మనసుంటే, ఎండీ తర్వాత కార్డియాలజీయో నెఫ్రాలజీయో సూపర్ స్పెషాలిటీ (డీఎం) చేయాలన్న కోరిక గట్టిగా ఉంటే, మెడిసిన్‌కే వెళ్లండి. దాన్ని డెర్మా తీర్చదు.

ఇప్పుడు తామర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ సీనియర్ల మాటకు అసలు జవాబు ఇందులోనే ఉంది. నేను పీజీలో చేరిన రోజుల్లో తామర అంటే రెండు మూడు వారాలు టెర్బినాఫైన్ అనే ఫంగస్ మందు వాడితే పోయే జబ్బు. ఇప్పుడు నా ఓపీలో సగం కుర్చీలు తామరవే. ఇంట్లో అందరికీ ఉంటుంది, ఒకే తువ్వాలు తిరుగుతుంటుంది, నెలల తరబడి ఇట్రాకొనజోల్ వాడాల్సి వస్తుంది. మన దేశంలో పాకిపోయిన ఈ మొండి ఫంగస్‌కు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. టెర్బినాఫైన్ ఏ ఎంజైము మీద పనిచేస్తుందో ఆ ఎంజైము జన్యువే ఇందులో చాలాసార్లు మారిపోయి ఉంటుంది. దానికి తోడు మందుల షాపులో అడగ్గానే చేతిలో పెట్టే ట్యూబులు: క్లోబెటసాల్ లాంటి ఘాటైన స్టెరాయిడ్, ఒక యాంటీబయాటిక్, ఒక యాంటీఫంగల్ కలిపి ఒకటే పూత మందు. రాసిన రాత్రే దురద తగ్గుతుంది. లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. తొడల మధ్య చర్మం పలచబడి, సాగిన చారలు పడి, ఆ చారలు జీవితాంతం ఉండిపోతాయి.

ముఖానికి రాసేవాళ్ల సంగతి ఇంకా బాధ. తెల్లబడాలని, మంగు పోవాలని పెళ్లీడు పిల్లలు అదే స్టెరాయిడ్ ట్యూబును ఏళ్ల తరబడి రాస్తారు. రాయగా రాయగా ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. మానిన కొన్ని రోజులకే ముఖం మంటెత్తి, మొటిమలు విరజిమ్ముతాయి. భయపడి మళ్లీ రాస్తారు. మా వృత్తి సంఘం ఐఏడీవీఎల్ ఏళ్లపాటు పోరాడాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటరు దగ్గర నిలబడి చూడండి, ఎంత మారిందో తెలుస్తుంది. చీటీ రాయగల డాక్టరు అరవై కిలోమీటర్ల అవతల ఉంటే, జనం వీధి చివరి షాపుకే వెళతారు. వాళ్లను తప్పుపట్టే మనసు నాకు రాదు. ఊళ్లలో చర్మ డాక్టరు లేకపోవడం వల్ల జరిగే నష్టం ఇదే. వీధికో క్లినిక్ ఉన్నది చెన్నైలోని అన్నానగర్‌లో, టీనగర్‌లో. వెంకటగిరిలో, ఉదయగిరిలో కాదు.

కుష్ఠు ఇంకో సంగతి. జాతీయ స్థాయిలో రోగుల సంఖ్య పదివేల మందికి ఒకరికన్నా తగ్గిందని 2005 డిసెంబరు లెక్కన మన దేశం నిర్మూలన ప్రకటించుకుంది. జబ్బు పోయిందని చాలామంది డాక్టర్లే అనుకుంటున్నారు. ఇప్పటికీ దేశంలో ఏటా లక్ష దాకా కొత్త కేసులు బయటపడుతున్నాయి, ప్రపంచంలోని కొత్త కేసుల్లో సగానికి పైగా మనవే. శ్రీకాకుళం నుంచి భవన నిర్మాణ పనికొచ్చిన మేస్త్రీ ఒకాయన నా దగ్గరికి వచ్చేనాటికి చిటికెన వేలు వంగిపోయి ఉంది. చేతి మీద పాలిపోయిన మచ్చకు వేర్వేరు చోట్ల తామర మందు, బొల్లి మందు, విటమిన్ మాత్రలు రాశారు. ఆ మచ్చకు దూది తగిలించి "తెలుస్తోందా?" అని ఎవరూ అడగలేదు, మోచేతి దగ్గర నరం పట్టి చూడలేదు. పన్నెండు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. బాక్టీరియా చస్తుంది, పోయిన నరం మాత్రం పూర్తిగా తిరిగి రాదు. ఆయన మళ్లీ తాపీ పట్టాడు గానీ మునుపటి పట్టు లేదు.

చెన్నైలో చదివితే ఈ విషయంలో మీకు పెద్ద మేలుంది. గంటన్నర దూరంలో చెంగల్పట్టులో కేంద్ర కుష్ఠు బోధన, పరిశోధన సంస్థ ఉంది. కొంచెం అవతల వెల్లూరు సీఎంసీలో 1940ల చివర్లో పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంకరపోయిన చేతులకు, పనిచేస్తున్న కండరాల టెండన్లను మార్చి అమర్చే శస్త్రచికిత్సలు మొదలుపెట్టారు. దగ్గర్లోనే కరిగిరి కుష్ఠు ఆసుపత్రి. వీటికి వెళ్లి కొన్ని రోజులైనా కూర్చోండి. ఈ అవకాశం వేరే ఊళ్లలో చదివేవాళ్లకు అంత సులువుగా దొరకదు.

సుఖవ్యాధులూ మన కోర్సులోవే. దేశంలో హెచ్ఐవీని మొదట గుర్తించింది ఈ ఊళ్లోనే, 1986లో, మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ బృందం. ఆ జబ్బు ఇక్కడ లేదని అందరూ కొట్టిపారేస్తున్న రోజుల్లో ఆవిడ వెతికారు. "ఆడపిల్లకు మంచిది" అన్న మాటకు నేనిచ్చే అర్థం ఇది: జననాంగాల దగ్గర దురద, మచ్చ, పుండు ఉన్న ఆడవాళ్లు మగ డాక్టరుకు చెప్పుకోలేక ఏళ్లు దాచుకుంటారు. జననాంగాల చర్మం తెల్లబడి విపరీతంగా దురద పెట్టే లైకెన్ స్క్లెరోసస్‌తో బాధపడుతూ, ఫంగస్ అని మందులు వాడీ వాడీ చివరికి నా దగ్గరికొచ్చిన పెద్దావిడలు చాలామంది ఉన్నారు. తలుపు వేసి, "అమ్మా, ఎన్నాళ్లుగా?" అని తెలుగులో అడిగితే చాలు, ఆపకుండా చెబుతారు. ఆ కుర్చీలో మీరుంటే ఎంతమందికో మేలు.

సౌందర్య చికిత్సలను నేను చిన్నచూపు చూడను. మొటిమల గుంటలతో పెళ్లికి కూడా వెళ్లని కుర్రాడికి చేసే చికిత్స వైద్యమే. లేజర్ నేర్చుకోండి. మన ఛాయకు సెట్టింగు కాస్త ఎక్కువైతే కాలి నల్లమచ్చ పడుతుంది, కాబట్టి శిక్షణ ఉన్నవాళ్లే చేయాలి. జుట్టు మార్పిడి లాంటివి ఎవరు చేయవచ్చో 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. నా అభ్యంతరమల్లా పిల్లల్ని ఎండీ అవ్వగానే అమ్మకాల్లోకి దింపే పద్ధతి మీద. నేను మొదట చేరిన ఒక సౌందర్య క్లినిక్‌లో నెలాఖరున ఎన్ని ప్యాకేజీలు కట్టించావనే అడిగేవారు. సోరియాసిస్ రోగిని "మనకెందుకు" అని పంపించేయమన్నారు. అక్కడ ఎక్కువ రోజులు ఉండలేకపోయాను.

డబ్బు మాట కూడా. సొంత ప్రాక్టీసు నిలబడటానికి కొన్నేళ్లు పడుతుంది, ఆ తర్వాత గౌరవంగా బతకొచ్చు. చిన్న పట్నాల్లో ఇంకా త్వరగా నిలబడుతుంది. లేజర్ కొనడానికి తొందరపడకండి, వాయిదాలు మొదలైతే ప్రతి రోగికీ లేజర్ అవసరమే అనిపిస్తుంది. ప్రభుత్వ సీటు చేజారితే ప్రైవేటు డీమ్డ్ యూనివర్సిటీలో మూడేళ్లకు కోటి దాటే ఫీజు అప్పు చేసి కట్టొద్దని మీ నాన్నగారికి నా మాటగా చెప్పండి. ఆ అప్పుతో బయటికొచ్చిన వాళ్లు కుష్ఠు రోగికి ఇరవై నిమిషాలు ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు.

తమిళం గురించి భయం వద్దు, ఓపీలో నాలుగు నెలలు కూర్చుంటే అదే వస్తుంది. ఉత్తర చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు రోగులూ బాగానే ఉంటారు. చదువయ్యాక ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తామని రాసిచ్చే సర్వీసు బాండు షరతులు మాత్రం చేరకముందే చదువుకోండి.

కౌన్సెలింగ్‌లో కాలేజీల చాయిస్‌లు పెట్టేముందు ఆయా కాలేజీల్లో ఇప్పుడు చదువుతున్న పీజీలకు ఫోన్ చేసి కొన్ని సంగతులు అడగండి. చర్మ విభాగానికి సొంత పడకలున్నాయా? కుష్ఠు బాక్టీరియా కోసం చర్మం గీరి తీసే స్మియర్‌ను విభాగంలోనే పీజీలే తీసి చూస్తారా? బయాప్సీలు పీజీల చేతే చేయిస్తారా? చర్మానికి ఏది పడదో తేల్చే ప్యాచ్ టెస్టు, కాంతితో చేసే చికిత్స ఫొటోథెరపీ నడుస్తున్నాయా? సుఖవ్యాధుల ఓపీ రోజూ ఉంటుందా? వీటికి అవునంటే ఆ కాలేజీని పైన పెట్టండి, ఊరు, హాస్టలు ఎలా ఉన్నా సర్దుకోవచ్చు. పడకల్లేని విభాగమైతే మాత్రం, పేరెంత పెద్దదైనా కిందకు దింపేయండి.