న్యూరోపాథాలజీ పోస్టింగ్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

వచ్చే నెల నుంచి బ్రెయిన్ ట్యూమర్ల సెక్షన్‌లో పోస్టింగ్, టెన్షన్‌గా ఉందన్నావు. పుస్తకం ఎలాగూ చదువుతావు, బల్ల దగ్గర పనికొచ్చేవి రాస్తాను.

ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్క రాగానే స్లైడ్ కన్నా ముందు స్కాన్ చూడు. వయసెంత, గడ్డ ఎక్కడుంది, స్టెరాయిడ్లు మొదలుపెట్టారా, ఫోన్ చేసైనా కనుక్కో. స్టెరాయిడ్ పడ్డాక లింఫోమా (తెల్ల రక్తకణాల క్యాన్సర్) కణాలు చాలాసార్లు కరిగిపోయి, మనకి చెత్త ఏరే కణాలు, మాక్రోఫేజులే మిగులుతాయి. అప్పుడు "ట్యూమర్ లేదు" అని రాసేస్తే ఆ రోగి గతేంటి? మన దేశంలో టీబీ గడ్డలూ ఎక్కువే. అవీ స్కాన్‌లో రింగులా కనబడొచ్చు, కాబట్టి రింగు చూడగానే గ్లియోబ్లాస్టోమా (మెదడులో పుట్టే ఉధృతమైన క్యాన్సర్) అనెయ్యకు.

స్క్వాష్ స్మియర్ మీద చెయ్యి తిరగాలి. ఆవగింజంత ముక్క చాలు. రెండు స్లైడ్ల మధ్య మెల్లగా నొక్కి లాగి, ఆరిపోకముందే ఆల్కహాల్‌లో వెయ్యి. ఆస్ట్రోసైటోమాలో (నాడీకణాలకి ఆసరా ఇచ్చే కణాల గడ్డ) సన్నని పీచు, మెనింజియోమాలో (మెదడు పొరల గడ్డ) సుడులు కనబడతాయి. మెదడులో నీరెక్కువ కదా, ముక్కని గడ్డకట్టించి కోసే ఫ్రోజెన్‌లో మంచు పలుకులు పడి కేంద్రకాల రూపం చెడుతుంది. ఉన్న ముక్కంతా దానికే పెట్టేశావంటే జన్యు పరీక్షకి ఏమీ మిగలదు.

మా రోజుల్లో కంటికి కనిపించిందే నిర్ణయం. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో అది సరిపోదు. పెద్దవాళ్ల డిఫ్యూజ్ గ్లియోమాకి (చుట్టూ మెదడులోకి పాకే గడ్డ) ముందు రెండు స్టెయిన్లు వేయించు: ఐడీహెచ్1 జన్యువులో ఆర్132హెచ్ అనే మ్యుటేషన్‌ని పట్టేది, ఏటీఆర్ఎక్స్ అనే ప్రొటీన్ ఉందో లేదో చూపేది. ఏటీఆర్ఎక్స్ పోయిందనే ముందు రక్తనాళాల కేంద్రకాలు చూడు. అవీ రంగు పట్టలేదంటే చెడింది స్టెయినే. ఐడీహెచ్ మ్యుటేషన్ ఉండి, ఏటీఆర్ఎక్స్ నిలిచి ఉంటే 1పీ/19క్యూ (1, 19 క్రోమోజోముల్లో చెరో భాగం) పరీక్షకి పంపు. ఆ రెండు భాగాలూ పోతే అది ఆలిగోడెండ్రోగ్లియోమా అనే రకం గ్లియోమా. ఐడీహెచ్1 స్టెయిన్‌లోని యాంటీబాడీ ఒక్క మ్యుటేషన్‌నే పడుతుంది కాబట్టి, 55 ఏళ్ల లోపు మనిషిలో నెగటివ్ వస్తే సీక్వెన్సింగ్ (జన్యువుని అక్షరమక్షరం చదవడం) అడుగు. ఐడీహెచ్ మామూలుగా ఉన్న పెద్దవాళ్ల డిఫ్యూజ్ ఆస్ట్రోసైటోమాలో టెర్ట్ అనే జన్యువు ప్రమోటర్ (దాన్ని నడిపే భాగం) మ్యుటేషన్ దొరికితే, నెక్రోసిస్ (చచ్చిన కణాల చోటు) లేకపోయినా అది గ్రేడ్ 4 గ్లియోబ్లాస్టోమాయే. స్లైడ్ మీద ఎంత నెమ్మదిగా కనిపించినా సరే. నాకు ఇది మింగుడుపడటానికి టైం పట్టింది!

పరీక్షలకి అందరి దగ్గరా డబ్బుండదు, అన్ని ల్యాబుల్లో వసతీ ఉండదు. అప్పుడు ఊహించి పేరు పెట్టకు. ఎన్‌ఓఎస్ (ఇంకా రకం తేల్చలేదని అర్థం) అని రాసి, ఏ పరీక్ష కాలేదో కింద చెప్పు. అందులో నామోషీ ఏం లేదు. ట్యూమర్ బాగా ఉన్న బ్లాక్ (మైనంలో నిలవచేసిన ముక్క) నంబర్ రిపోర్టులో తప్పకుండా వెయ్యి. రేపు ఆ కుటుంబం హైదరాబాద్ నిమ్స్‌కో బెంగళూరు నిమ్హాన్స్‌కో వెళ్తే అక్కడివాళ్లు ముందు అడిగేది బ్లాకే.

మీ మామయ్య