ఎగరడం రాని హీరో

తమ్ముడూ,

నీ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్ట్ చదివాను. మెడికల్ షాపు కుర్రాడు, మందులు పూర్తిగా కొనలేని ముసలావిడకి స్ట్రిప్‌ని కత్తెరతో సగానికి కత్తిరించి ఇస్తాడే, ఆ సీన్ చాలా బాగుంది. ఆ కత్తెర చప్పుడు నాకు వినిపించింది. కానీ ఇంకాస్త ముందుకి పోయేసరికి ఆ కుర్రాడికి కలలో తన చావు కనిపిస్తుంది, తర్వాత "లోపలి శక్తి మేల్కొంటుంది", క్లైమాక్సులో విధిని జయించేస్తాడు. ఎలా జయించాడు అని వెతికితే నాకెక్కడా దొరకలేదు. నువ్వేమో "బడ్జెట్ ఉంటే గ్రాఫిక్స్‌లో చూపించేవాణ్ణి అన్నా" అని రాశావు. డబ్బున్నా అక్కడ చూపించడానికి ఏమీ లేదు, ముందు అది ఒప్పుకో.

ఒక జపాన్ సినిమా చూడమని చెప్తాను. పేరు 'జీబ్రామ్యాన్', 2004లో వచ్చింది. తీసింది తకాషి మీకే, రాసింది కంకురో కుదో. అదే ఏడాది హాలీవుడ్ నుంచి 'స్పైడర్‌మ్యాన్ 2' వచ్చింది, దానికైన ఖర్చు సుమారు 20 కోట్ల డాలర్లు. దాని ముందు జీబ్రామ్యాన్ ఖర్చు టీ డబ్బులు. జపాన్‌లో 1989లో తోయే కంపెనీ 'వీ-సినిమా' పేరుతో, థియేటర్‌కి వెళ్ళకుండా నేరుగా వీడియో క్యాసెట్లుగా అమ్మే సినిమాలు మొదలుపెట్టింది. మీకే అలాంటి చవక వీడియో సినిమాలు గబగబా తీసి చెయ్యి తిరిగినవాడు. హీరో షో ఐకావా కూడా ఆ క్యాసెట్ల స్టారే. ఇది అతను హీరోగా చేసిన వందో సినిమా. మన దగ్గర వందో సినిమా అంటే కిరీటం, కత్తి, గుర్రం ఉండాల్సిందే. వాళ్ళు తమ హీరోకి చారల బట్టలు తొడిగి జీబ్రాని చేశారు!

కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకు, చెప్పకపోతే విషయం తెగదు.

2010లో జరిగే కథ. షినిచి ఇచికావా అని ఒక స్కూల్ మాస్టారు, మూడో తరగతికి పాఠాలు చెప్తాడు. పిల్లలు లెక్కచెయ్యరు. ఇంట్లో భార్యకి వేరే సంబంధం ఉంది, కూతురు తనకంటే వయసులో చాలా పెద్దవాళ్ళతో తిరుగుతుంటుంది, కొడుకు చదివేది తండ్రి పనిచేసే స్కూల్లోనే కాబట్టి వాణ్ణి తోటి పిల్లలు ఏడిపిస్తారు. ఈయన చిన్నప్పుడు, 1978లో, టీవీలో జీబ్రామ్యాన్ అనే సీరియల్ వచ్చింది. ఎవరూ చూడకపోవడంతో ఏడు ఎపిసోడ్లకే ఆపేశారు. ఆయన మాత్రం మర్చిపోలేదు. ఇంట్లో అందరూ ఎవరి లోకంలో వాళ్ళుంటే, ఈయన రహస్యంగా ఆ డ్రెస్ కుట్టుకుని రాత్రిపూట వేసుకుంటుంటాడు. స్కూల్లోకి వీల్‌చైర్‌లో ఒక కొత్త కుర్రాడు వస్తాడు, వాడికీ ఆ సీరియల్ అంటే పిచ్చి. వాడికి ఆ వేషం చూపిద్దామని వెళ్తుంటే దారిలో పీత మాస్క్ పెట్టుకున్న హంతకుడు ఎదురవుతాడు. కొట్లాటలో తెలుస్తుంది, మాస్టారికి నిజంగానే శక్తులొచ్చాయని.

ఇక్కడిదాకా ఎవరైనా రాయగలరు. కుదో తెలివంతా దీని తర్వాత కనిపిస్తుంది. స్కూలు కింద గ్రహాంతరవాసులు దాక్కుని ఉంటారు. ఆ స్కూల్ పెద్దాయన కూడా వాళ్ళలో ఒకడే. తన వాళ్ళు ఏదో ఒకరోజు బయటపడి భూమిని ఆక్రమిస్తారని తెలిసి, హెచ్చరికగా ఆ పాత సీరియల్ రాసింది ఆయనే. అంటే టీవీలో రాకుండా ఆగిపోయిన స్క్రిప్టుల్లో జరగబోయేదంతా ఉంది. చివరి ఎపిసోడ్‌లో జీబ్రామ్యాన్ చచ్చిపోతాడు. ఎందుకు? ఎగరడం రాదు కాబట్టి.

నీ స్క్రిప్ట్‌కీ దీనికీ తేడా ఆ చివరి మాటలో ఉంది. నీ కుర్రాడి చావుకి తేదీ లేదు, చోటు లేదు, కారణం లేదు. మేఘాలు, మెరుపులు, ఒక అరుపు ఉన్నాయి. కారణం లేని చావుతో ఎవరూ పోరాడలేరు, తప్పించుకోవడానికి ఎటు పరిగెత్తాలో కూడా తెలీదు. మాస్టారికి మాత్రం ఏం చెయ్యాలో తెలుసు: ఎగరడం నేర్చుకోవాలి. అది అసాధ్యమని ఆయనకీ తెలుసు, మనకీ తెలుసు. అయినా పని ఏమిటో స్పష్టంగా ఉంది, అందుకే ఆ మనిషి ప్రతి ప్రయత్నం మనకి కంటికి కనిపిస్తుంది. నవ్వొస్తుంది కూడా.

ఇది జపాన్ వాళ్ళు కనిపెట్టినదేమీ కాదు. పరీక్షిత్తుకి ఏడు రోజుల్లో తక్షకుడు కాటేస్తాడని శాపం. ఒంటిస్తంభం మేడ కట్టించుకున్నాడు, చుట్టూ కాపలా పెట్టించాడు, విషవైద్యుల్ని దగ్గర ఉంచుకున్నాడు. ఎవరు చంపుతారో, ఎప్పటిలోగా చంపుతారో మనకి ముందే తెలుసు. అందుకే ఏడో రోజు పళ్ళు లోపలికి వస్తుంటే వినేవాడికి టెన్షన్. పండులో పురుగై వచ్చాడు తక్షకుడు. అక్కడ విధే గెలిచింది, అయినా విన్నవాడు మోసపోయాననుకోడు. నీ కథలో హీరో గెలిచాడు, నేను మోసపోయాను.

రెండో విషయం. విధిని ఎవరి కోసం మార్చాలనుకుంటున్నాడు? మాస్టారు తన ప్రాణం కాపాడుకోవడానికి ఎగరడు. ఆ వీల్‌చైర్ కుర్రాడు ఒక్కడే గ్రహాంతరవాసుల్ని ఆపడానికి వెళ్ళాడు కాబట్టి ఎగురుతాడు. వాణ్ణి కథలోకి ముందే తెచ్చి, వాడి మీద మనకి ఇష్టం కలిగేదాకా ఓపికపట్టారు. నీ ముసలావిడ కథ మొదట్లో సగం స్ట్రిప్ తీసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ కనపడలేదు. ఆవిడ ఎక్కడికి పోయింది తమ్ముడూ? మిగతా సగం మాత్రలు ఎప్పుడు కొనుక్కుంటుంది?

ఎవరి కోసం అన్నది తేలాక ఇంకో చిక్కు కూడా ఉంటుంది. 2002లో మొదలైన 'కామెన్ రైడర్ ర్యూకీ' అనే టీవీ సీరియల్లో, ఇరవై ఏళ్ళు నిండేసరికి చనిపోవాల్సిన చెల్లెలి కోసం ఒక అన్న కాలాన్ని వెనక్కి తిప్పుతుంటాడు. పదమూడు మంది రైడర్లని, అంటే ముసుగు వేసుకున్న వీరుల్ని, ఒకరితో ఒకరు చచ్చేదాకా కొట్లాడుకోమంటాడు, ఆఖరికి మిగిలే ప్రాణశక్తిని చెల్లెలికి ఇద్దామని. ఆ పిల్ల వద్దంటుంది. ఎన్నిసార్లు తిప్పినా వద్దనే అంటుంది. పిల్లల సీరియల్ అని తీసిపారెయ్యకు, పెద్దవాళ్ళ కోసం తీసేవాటిలో కూడా ఆ ప్రశ్న వేసేవాళ్ళు తక్కువ. నీ ముసలావిడకి కూడా ఒక మాట ఇవ్వు. ఆవిడ ఒప్పుకోవాలనేం లేదు.

ఇక డబ్బు సంగతి. జపాన్ హీరోల్లో మనకి గొప్పగా అనిపించేవి కొన్ని ఇబ్బందుల్లోంచే పుట్టాయి. 1966 నాటి టీవీ హీరో అల్ట్రామ్యాన్ ఛాతీ మీద ఒక లైట్ ఉంటుంది. భూమ్మీద అతని శక్తి ఎక్కువసేపు నిలవదు, అయిపోవస్తుంటే ఆ లైట్ మినుకుమినుకుమంటూ మోగుతుంది. ఒక్క చిన్న లైట్‌తో ప్రతి ఫైట్‌కీ గడువు పెట్టేశారు. 1971లో మొట్టమొదటి కామెన్ రైడర్ సీరియల్ మొదలైన కొత్తలోనే, షూటింగ్‌లో బైక్ ప్రమాదం జరిగి హీరో హిరోషి ఫుజియోకా కాలు విరిగింది. సీరియల్ ఆపలేరు, రెండో రైడర్‌ని దించారు. కొత్తగా వచ్చిన నటుడికి బైక్ లైసెన్స్ లేదు కాబట్టే, బండి మీద గాలిని చీల్చుకుంటూ పోతూ మామూలు మనిషి రైడర్‌గా మారిపోయే బదులు, నిలబడి చేతులు తిప్పి మారిపోయే ఫోజు పెట్టారని చెప్తారు. ఆ ఫోజు జపాన్ పిల్లలకి ఆటైపోయింది. నీ దగ్గర గ్రాఫిక్స్ లేవు, సరే. మెడికల్ షాపు ఉంది, కత్తెర ఉంది, రాత్రి దించే షట్టర్ ఉంది. డాక్టర్ చీటీలో కోడిగీతలు చదవగలిగే కుర్రాడు ఉన్నాడు! అది శక్తి కాదా? వాడి విధి వాడు చదవగలిగే చోటే ఎందుకు రాసి ఉండకూడదు?

జీబ్రామ్యాన్‌ని నెత్తిన పెట్టుకోమని చెప్పడంలేదు. మధ్యలో సాగుతుంది. ఇంటి గొడవలు మొదట్లో అంత వివరంగా చెప్పి, తర్వాత వాటి మీద తగినంత శ్రద్ధ పెట్టలేదని నాకు అసంతృప్తి. గ్రాఫిక్స్ ఇవాళ చూస్తే నవ్వొస్తాయి, జెల్లీ ముద్దల్లాంటి పచ్చటి జీవులు అవి. కానీ అవి తెర మీదికి వచ్చే వేళకి మనం ఆ కుట్టుకున్న డ్రెస్ మనిషితో చాలాసేపు గడిపి ఉంటాం, కాబట్టి క్షమించేస్తాం. కుదో నాటకాల ట్రూపులో ఎదిగిన రచయిత, గదిలో ఇద్దర్ని కూర్చోబెట్టి సీన్ నడపడం అతనికి తెలుసు. నువ్వు ముందు అది నేర్చుకో, ఖర్చులేని విద్య. 2010లో దీనికి రెండో భాగం కూడా వచ్చింది. అది చూడకపోయినా నీకు నష్టం లేదు.

తిరగరాసేటప్పుడు కల సీన్ తీసెయ్. దాని బదులు ఆ కుర్రాడికి చేతకానిది ఒకటి పెట్టు. పెద్దది వద్దు. ఓనర్ ముందు నోరు విప్పలేడా? రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా? ఏదైనా ఫర్వాలేదు కానీ, దానివల్లే చస్తాడని ప్రేక్షకుడికి మొదటి ఐదు నిమిషాల్లో తెలియాలి. చివర్లో వాడు అది చెయ్యగలిగాడా లేదా అన్నది నువ్వే తేల్చు, నాకు రెండూ ఇష్టమే. "లోపలి శక్తి" అనే మాట మాత్రం మళ్ళీ కనపడకూడదు.

కత్తెర సీన్‌లో ఒక్క డైలాగ్ కూడా మార్చకు. ముసలావిడ "మిగతాది సోమవారం తీసుకుంటా" అంటుంది కదా, కొత్త డ్రాఫ్ట్‌లో ఆ సోమవారం వచ్చేలా చూడు. ఈసారి పంపేటప్పుడు పేజీ నంబర్లు కూడా వెయ్యి.

ఉంటాను,
అన్న