నల్లరేగడి ప్లాటులో మొరం పోసి చదును చేస్తే చాలా?

హనుమకొండ దగ్గర మీ ప్లాటు రోడ్డుకన్నా రెండడుగులు పల్లంలో ఉంది, మొరం పోయిస్తే చాలా అని అడిగారు. చాలదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది.

ముందు జేసీబీతో గడ్డి, వేర్లు, పైన ఉన్న మెత్తటి మట్టి తీయించండి. పునాది గుంతలు గట్టి నేల తగిలేదాకా పోవాలి. ఎంత లోతన్నది ఇంజనీరు చూసి చెప్పాలి, జేసీబీ డ్రైవర్ కాదు. మొరం టిప్పర్లకు టిప్పర్లు ఒకేసారి కుమ్మరించొద్దు. 6 నుంచి 8 అంగుళాల పొర, నీళ్లు, రోలర్, మళ్లీ పొర. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. తడి అంత చాలు. అందరూ తొందరపడేది ఇక్కడే, తర్వాత రెండు వానలకే ఫ్లోరింగ్ కుంగుతుంది.

ఇంటి చుట్టూ 10 అడుగులకు 6 అంగుళాల వాలు బయటికి ఇవ్వండి. నీళ్లు మోరీలోకి పోవాలి, పక్కింటి గోడ మీదికి కాదు.