స్కాంపి పిల్ల కొనే ముందు రొయ్య పొట్ట చూడండి

ప్రశ్న: మూడెకరాల చెరువులో వనామి రొయ్య పెంచుతున్నాను. ఈసారి స్కాంపి పిల్ల ఇస్తామని ఒక వ్యాపారి అంటున్నారు. మేత సంచి మీద ష్రింప్ అని, కొన్నవారి చీటీలో ప్రాన్ అని రాసి ఉంటోంది. ఇవన్నీ ఒకటేనా? స్కాంపిని కూడా వనామి లెక్కనే వదలవచ్చా?
– ఒక రైతు, కైకలూరు

జవాబు: సంచి మీద ఏం రాసినా, చీటీలో ఏం రాసినా మీ చెరువులో ఉన్నది వనామియే. ప్రాన్, ష్రింప్ మాటల మధ్య గట్టి గీత లేదు. అమెరికాలో చిన్నదైనా పెద్దదైనా ష్రింప్ అనే అంటారు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ కాస్త పెద్దదైతే ప్రాన్. శాస్త్రవేత్తలు వనామి లాంటి ఉప్పునీటి పీనియస్ జాతులను ష్రింప్ అని, మంచినీటి వాటిని ప్రాన్ అని రాయడం అలవాటు చేసుకున్నారు గానీ, మార్కెట్ ఆ మాట వినదు. తెలుగులో అన్నీ రొయ్యలే. తెల్ల రొయ్య అంటే కొందరికి మన సముద్రంలో దొరికే ఇండికస్ అనే రకం, కొందరికి మన దేశంలో పెంచడానికి 2009లో అనుమతి వచ్చిన వనామి.

స్కాంపి సంగతి వేరు. యూరప్‌లో ఆ పేరు పంజాలున్న ఒక చిన్న సముద్రపు లాబ్‌స్టర్‌ది. మన దగ్గర నీలకంఠ రొయ్యను అలా పిలుస్తున్నారు. ఇది మంచినీటి జాతి, వనామికి దూరపు చుట్టం. పెరిగిన రొయ్యను చేతిలోకి తీసుకుని పక్కనుంచి పొట్ట చూడండి. నీలకంఠలో రెండో కణుపు పెంకు ముందున్న కణుపునూ వెనకున్న కణుపునూ రెండు వైపులా కప్పేస్తుంది. వనామిలో పెంకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వెనక్కి వరుసగా ఉంటాయి. గుడ్ల విషయం కూడా అంతే: నీలకంఠ ఆడది పొట్ట కిందే మోస్తుంది, వనామి నీళ్లలో వదిలేస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న. వనామి లెక్కన వదిలితే నష్టపోతారు. వనామికి చదరపు మీటరుకు 60 పిల్లల వరకు అనుమతి ఉంది. నీలకంఠకు 2 నుంచి 5 చాలు, అంటే ఎకరాకు 8 వేల నుంచి 20 వేలు. వీటిలో మగవి హద్దులు పెట్టుకుని పోట్లాడతాయి, గుల్ల విడిచి మెత్తగా ఉన్న తోటి రొయ్యను తినేస్తాయి. అందుకే తాటాకులు, పైపు ముక్కలు వేసి దాక్కునే చోటు కల్పించాలి. మగవన్నీ ఒకే సైజుకు రావు కాబట్టి ఒక్కసారి పట్టడం కన్నా పెద్దవాటిని విడతలుగా తీయడం మేలు. పెద్ద తల ఉండటం వల్ల తల తీసి అమ్మితే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. బేరమాడేటప్పుడు ధర తలతోనా, తల లేకుండానా అని ముందే అడగండి.

నీలకంఠ మంచినీటి జాతే అయినా, పిల్లలను పుట్టించే హేచరీలో వీటి పిల్లలు మొదట ఉప్పు కలిసిన నీటిలోనే పుట్టి పెరుగుతాయి. కాబట్టి తెచ్చుకునే ముందు వాటిని మంచినీటికి పూర్తిగా అలవాటు చేశారో లేదో కనుక్కోండి. బిల్లు మీద స్కాంపి అని ఉంటే చాలదు, మాక్రోబ్రాకియం రోజెన్‌బర్గి అనే నీలకంఠ శాస్త్రీయ నామం రాయించుకోండి.