తమ్ముణ్ణి మొదటి ఏఏ మీటింగుకి తీసుకెళ్లాలంటే

అక్కా, మీ తమ్ముడు తాగుడు మానతానంటున్నాడని, హైదరాబాదులో ఏఏ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగు ఎలా వెతకాలి, ఖర్చెంత, పేరు బయటపడుతుందా అని అడిగారు.

ముందు ఒక్కమాట. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదకే రావచ్చు. అందుకని ఆపకముందే డాక్టరుకి చూపించండి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చూస్తారు.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుడు బాధితులు ఒకరికొకరు తోడుండి మొదలుపెట్టింది. ఫీజు లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఇంటిపేరు ఎవరూ అడగరు. మొదటిరోజు మాట్లాడక్కర్లేదు, వెనక కూర్చుని వింటే చాలు. నేనూ అలాగే కూర్చున్నాను, రెండోవారం నోరు తెరిచాను.

ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీ ఏరియా మీటింగు చూసి, టైము మారిందేమో ఫోన్ చేసి కనుక్కోండి. తెలుగులో జరిగేది అడగండి. "ఓపెన్" మీటింగైతే మీరూ వెళ్లొచ్చు. ఏదీ దొరక్కపోతే ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం.

మీకోసం అల్-అనాన్ ఉంది, తాగేవాళ్ల ఇంట్లోవాళ్లది. వాడు రానన్నా మీరు వెళ్లండి అక్కా.