పాట పుట్టినరోజు రాసే ముందు

తిరుపతి

చిరంజీవికి,

నీ వ్యాసం అందింది. ఎస్పీ బాలుగారి తొలి సినిమా పాటకు 2026 డిసెంబర్‌తో 60 ఏళ్లు నిండుతాయి కాబట్టి ఆ విషయం ఎంచుకోవడం బాగుంది. కానీ మొదటి వాక్యంలోనే "1966 డిసెంబర్ 15న విడుదలైన" అని రాసేశావు. ఆ పాట ఆ రోజు విడుదల కాలేదు. కోదండపాణిగారి సంగీతంలో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం పాట రికార్డయిన రోజది. సినిమా వచ్చింది 1967లో. రికార్డింగు జరిగిన రోజు, గ్రామఫోన్ రికార్డు అంగళ్లకు వచ్చిన రోజు, బొమ్మ విడుదలైన రోజు వేటికవే. నీ వ్యాసం వీటిలో దేన్ని పట్టుకుని నడుస్తోందో మొదటి పేరాలోనే తేల్చెయ్ నాయనా.

పదిమంది ఒకే తేదీ రాశారంటే పది ఆధారాలు దొరికినట్టు కాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని ఏళ్ల తరబడి అందరూ రాశారు, సభలూ పెట్టారు. పాత్రికేయులు రెంటాల జయదేవ పాత కాగితాలు తిరగేస్తే సెన్సార్ అయిందే 1932 జనవరి 22న అని తేలింది. బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో ఫిబ్రవరి 6న విడుదలైంది. సెన్సార్ కాని బొమ్మ హాల్లో ఆడదు కదా, అంతకాలం నిలిచిన తేదీ ఆ ఒక్క కాగితంతో పోయింది. నువ్వు వెతకాల్సింది అలాంటి కాగితమే: ఆ వారం పత్రికలో సినిమా ప్రకటన, సెన్సార్ వివరం, రికార్డు కంపెనీ కేటలాగు. హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో పేర్లు సరిగ్గానే ఉంటాయి గానీ తేదీ సాధారణంగా ఉండదు.

రికార్డు చేతికి దొరికితే అంచులు పట్టుకుని వెలుతురులో వాల్చి చూడు. లేబుల్ మీద కేటలాగు నంబరు ఉంటుంది. లేబుల్‌కీ సూది నడిచే గాడులకీ మధ్య నున్నటి చోట ఇంకో నంబరు చెక్కి ఉంటుంది, అది మాట్రిక్స్ నంబరు, అంటే ఆ రికార్డు అచ్చుకు గుర్తు. రెండూ రాసుకో. అదే పాట తర్వాత క్యాసెట్‌గా వస్తే అట్ట మీద ఆ క్యాసెట్ వచ్చిన సంవత్సరమే వేస్తారు. ఫోన్ యాప్‌లలో కనిపించే ఏడాదిని అసలే నమ్మొద్దు. చాలాసార్లు అది కంపెనీ పాటను ఇంటర్నెట్‌లో పెట్టిన ఏడాది.

మన ఊళ్లో ఇంకో తిరకాసు ఉంది, తిథి. అన్నమయ్య పరమపదించింది 1503 ఫిబ్రవరి 23 అని పుస్తకాల్లో ఉంటుంది. దేవస్థానం వర్ధంతి జరిపేది మాత్రం ఫాల్గుణ బహుళ ద్వాదశికి, అంటే మార్చిలోనో ఏప్రిల్ మొదట్లోనో. ఫిబ్రవరి 23న వ్యాసం వేసి "నేడు అన్నమయ్య వర్ధంతి" అంటే ఆ రోజు మహతి ఆడిటోరియంలో వర్ధంతి ఉత్సవమేదీ ఉండదు. జయంతి వైశాఖ పౌర్ణమికి. పంచాంగం చూసి రాయి. తేదీల తికమక కొత్త పాటకూ తప్పలేదు. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది అమెరికాలో 2023 మార్చి 12 రాత్రి, మనకు 13 ఉదయం. ఏదైనా రాయొచ్చు గానీ, ఎక్కడి తేదీయో చెప్పాలి.

సుప్రభాతం గురించి రాస్తానన్నావు, చాలా సంతోషం. పూర్ణకుంభం సర్కిల్‌లో సుబ్బులక్ష్మిగారి విగ్రహం దాటి వెళ్లే ప్రతివాళ్లూ ఆ గొంతు విన్నవాళ్లే, కాబట్టి అక్కడ తప్పు రాస్తే ఊరంతా పట్టుకుంటుంది. 1963లో వచ్చింది ఆమె ఎల్పీ, అంటే ఒక్కో వైపు ఎక్కువసేపు ఆడే రికార్డు. సుప్రభాతం అంతకు శతాబ్దాల ముందే ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించింది, కొండమీద పఠిస్తూ వచ్చింది. మరి 1963 ఎందుకు ముఖ్యం? నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత పది అంగుళాల రికార్డులో ఒక వైపుకు మూడు నిమిషాల పైచిలుకే పడుతుంది. సుప్రభాతం ఇరవై నిమిషాలు. ముక్కలు చేయకుండా, మధ్యలో రికార్డు తిప్పకుండా వినాలంటే ఎల్పీ రావాల్సిందే. ఇంట్లో తెల్లవారుజామున సూది పెట్టి పనులు చూసుకునే వీలు అప్పుడే కలిగింది. సంవత్సరం చెప్పి ఊరుకోకుండా ఈ కారణం దగ్గర ఆగి రాయి, వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది.

పేర్లూ ఊళ్లూ కూడా జాగ్రత్త. నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్యగారు పుట్టింది చిత్తూరులో కాదు, గుంటూరు ప్రాంతంలో. చిత్తూరు అన్నది నాటకాల రోజుల్లో ఇంటిపేరులా నిలిచిపోయింది. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కాబట్టి, అంతకు ముందు ఇక్కడ జరిగిన కచేరీని "చిత్తూరు జిల్లా తిరుపతి"లో జరిగినట్టే రాయాలి.

ఇక బాలుగారి పాట. అది ఆయనొక్కరే పాడింది కాదు, సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య కూడా ఉన్నారు. "మధుర గాత్రం" లాంటి మాటలు కొట్టేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విను. ఆయన గొంతు ఏ నిమిషం ఏ సెకనులో మొదలవుతుందో, ఎక్కడ ఆపి పక్కవాళ్లకు అందిస్తారో కాగితం మీద వేసుకో. మూడోసారి విన్నప్పుడు ఘంటసాలగారి పోకడ ఎక్కడైనా వినిపిస్తుందా చూడు. వినిపించకపోతే ఉందని రాయకు. సాహిత్యం ఒకటి రెండు పాదాలకు మించి ఎత్తి రాయొద్దు, దానికి హక్కుదారులు ఉంటారు.

ఆదివారం అనుబంధానికైతే రెండు మూడు వారాల ముందే పంపాలి. ముందు ఆ మొదటి పేరా సరిచేసి, నువ్వు విని వేసుకున్న ఆ కాగితంతో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో